తొమ్మిదో పేపరు

అలివేలుమంగకి మొగుడు అచ్చు వేయించిన పేపర్లు పేరుపేరునా తెలుసు. ఇంటికొచ్చిన చుట్టాలకి పిల్లల పేర్లు చెప్పినంత వరసగా చెప్పగలదు. కామెర్లు తగ్గిన ఏడాదికి లివరు ఎలా ఉంటుందన్నది మొదటిది. గర్భిణీలకి కామెర్లొస్తే ఏమవుతుందన్నది రెండోది. నాలుగోది కలకత్తాలో అచ్చయింది, ఆరోది బొంబాయిలో. ఏడోదాని కాపీ పంపమని చెకోస్లవేకియా నించి ఎవరో డాక్టరు కార్డు రాస్తే, ఆ కార్డు మీది బిళ్ళ ఊడదీసి వాళ్ళమ్మాయి దాచుకుంది.

డాక్టర్ వేంకటరమణమూర్తి చేతిరాత ఒక్కోసారి ఆయనకే అర్థమయ్యేది కాదు. అంచేత పెళ్ళయిన కొత్తలోనే పాత టైపు మిషనొకటి కొని ఆవిడ ముందు పెట్టేడు. ఆవిడ కాకినాడలో బియ్యే చదివింది. వాక్యం కుంటితే ఊరుకునే మనిషి కాదు.

"ఇక్కడ 'గమనించడమైనది' అన్నారు. గమనించిందెవరు? మీరా, మీ టెక్నీషియను దాసా?" అని అడిగేది.

"సైన్సులో ఎవరూ గమనించరు మంగా. దానంతటదే గమనింపబడుతుంది," అని ఆయన నవ్వేవాడు.

డెబ్భై నాలుగు శ్రావణంలో ఆవిడ మళ్ళీ ఆ మిషను ముందు కూర్చుంది, ఆయన పేపర్ల జాబితా కొట్టడానికి. ఆయనకి మెడికల్ కాలేజీలో రీడరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఎన్ని పేపర్లు అచ్చయ్యేయి, ఎక్కడ అచ్చయ్యేయి అన్నదే అక్కడ ముఖ్యంగా చూస్తారు. అందులో తొమ్మిదోది అన్నిటికన్నా పేరు తెచ్చింది. చోడవరం దగ్గర ఒక పేటలో బావి నీళ్ళ వల్ల కామెర్లు ఎలా వ్యాపించేయో అందులో ఉంది. ఢిల్లీలో ఏదో సభలో దాని గురించి మాట్లాడుకున్నారట. "ఈ ఒక్కటి చాలు, ఉద్యోగం నాదే," అని ఆయన ఆ వారంలో ఎన్నిసార్లన్నాడో.

కామెర్ల మీద పరిశోధనకి కాలేజీవాళ్ళు చోడవరంలో చిన్న యూనిట్ పెట్టేరు. యూనిట్ అంటే పెద్ద భవనమేం కాదు. వీళ్ళు అద్దెకున్న ఇంటి ముందు గదులు రెండు, కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ ఒకటి, టెక్నీషియను దాసు. మంగ ఆ ఊరి పిల్లే. హైస్కూల్లో లెక్కలు చెప్పిన అనంతరామయ్య మేష్టారి కూతురు. ఊళ్ళో సగం మంది ఆయన చేత తొడపాశం తిన్నవాళ్ళే. ఆ చనువు అల్లుడిగారికి బాగా కలిసొచ్చింది.

నాలుగేళ్ళ క్రితం ధనుర్మాసంలో ఆయనకి జబ్బూ గిబ్బూ లేనివాళ్ళ నెత్తురు కావలసొచ్చింది. కామెర్లు తెచ్చే పదార్థమొకటి, పైకి ఆరోగ్యంగా తిరిగేవాళ్ళ నెత్తుట్లో కూడా ఉండొచ్చని అప్పుడే విదేశాల్లో కనిపెట్టేరు. మన పల్లెల్లో ఎంతమందికుందో చూడాలని ఆయన ఆరాటం. దాసునీ, మంగనీ వెంటపెట్టుకుని ఊరి బయట కాలవగట్టు పేటకి వెళ్ళేడు. చెరుకూ వరీ పండించుకునే కుటుంబాలు అక్కడ. పేట మధ్యలో అచ్చియ్యమ్మ ఇల్లు, ఇంటి ముందు మంచినీళ్ళ బావి. అచ్చియ్యమ్మ పాలూ మజ్జిగా అమ్ముకునే మనిషి. చెయ్యి పెద్దది.

"మా అరుగు మీద కూకోండి బాబూ, ఎండ పడదు," అని చాప వేసి పాలు పితకడానికి పోయింది.

ఆడవాళ్ళు వచ్చేరు గానీ అరుగెక్కలేదు. ఎక్కడ చూసినా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల క్యాంపులు జోరుగా సాగుతున్న రోజులవి. నూకరత్నం అందరికన్నా ముందు నించుంది. ఆవిడ నోరంటే పేటంతటికీ హడలు.

"ఆ సూదిలో పిల్లలాగిపోయే మందుందంట గదా. మాకు తెలీదనుకుంటన్నారేటి?"

"మందు ఎక్కించడానిక్కాదమ్మా, నెత్తురు తియ్యడానికి. ఒక్క చుక్క," అన్నాడు దాసు.

"తీసే సూదీ ఎక్కించే సూదీ సూత్తానికి ఒక్కలాగే ఉంటాయి గదేటి?"

అప్పుడు మంగ వెళ్ళి చాప మీద కూర్చుని ఎడం చెయ్యి చాపింది. "ముందు నాకు గుచ్చు దాసూ."

దాసు గుచ్చేడు. ఎర్రటి చుక్క వచ్చింది. దూది అద్దేడు. ఆ చుక్కని గొట్టంలోకి తీసుకోలేదు. డాక్టరుగారి భార్య నెత్తురు పల్లెటూరి లెక్కలోకి రాదు కదా, ఊరికే చూపించడానికి గుచ్చింది.

"చూసేరా?" అంది మంగ. "నాకింకా ఒక మొగపిల్లాడు కావాలి. పిల్లలాగిపోయే మందైతే నేను పొడిపించుకుంటానా?"

అందరూ నవ్వేరు. దాసు స్పిరిటు గిన్నెలోంచి ఇంకో సూది తీసేడు.

"అదిగో, మార్సేస్తన్నాడు సూడండి!" అని నూకరత్నం కేకేసింది. "అమ్మగారికి పొడిసిన సూదే మాకూ పొడవాల. ఆ సూదైతేనే కూకుంటాం. లేపోతే ఇళ్ళకి పోతాం."

దాసు డాక్టరుగారి వైపు చూసేడు. మరిగించి తెచ్చిన సూదులు ఇంకా చాలానే ఉన్నాయి.

"స్పిరిటుతో బాగా తుడిచి అదే వాడు దాసూ," అన్నాడు వేంకటరమణమూర్తి. "వాళ్ళకి నమ్మకం కుదరడం ముఖ్యం."

నూకరత్నం కూర్చుంది. ఆ తరవాత పరదేశి పెళ్ళాం చిన్నమ్మి కూర్చుంది. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. కళ్ళు గట్టిగా మూసుకుని వేలిచ్చి, అయిపోయేక ఒక కన్ను తెరిచి, "ఇంతేనేటి? సీవ కుట్టినంతైనా లేదు," అంది. తరవాత ఇంకో ముగ్గురు. సూది మొద్దుబారింది. అప్పటికి అందరికీ భయం పోయింది, ఏ సూదైనా పర్వాలేదన్నారు. దాసు మిగతావాళ్ళకి గిన్నెలోని సూదులు తీసేడు. పాలపని ముగించుకొచ్చిన అచ్చియ్యమ్మ అందరికన్నా ఆఖర్న కూర్చుంది. ఆ నెత్తురంతా బొంబాయి పంపిస్తే ఎవరిలోనూ ఆ పదార్థం లేదని జవాబొచ్చింది. వేంకటరమణమూర్తికి ఒక పేపరు పోయింది.

వేసంగి వచ్చేసరికి ఆ పేటలోనే కామెర్లొచ్చేయి. ఐదుగురు ఆడవాళ్ళకి. ఐదుగురి నెత్తురూ తీసి ఫ్రిజ్‌లో దాచేరు. నలుగురు మంచాన పడి లేచేరు. చిన్నమ్మి లేవలేదు. కళ్ళు పసుపు ముద్దల్లా అయి, మాట తడబడి, ఆఖరికి మొగుణ్ణి కూడా పోల్చుకోలేక, "ఎవలు మీరు?" అని అడుగుతూనే పోయింది. వేంకటరమణమూర్తి ఆ మంచం పక్కనించి లేవకుండా కూర్చున్నాడు. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

మూడో రోజు నించి పరిశోధన మొదలెట్టేడు. ఐదుగురి ఇళ్ళూ అచ్చియ్యమ్మ బావి చుట్టూ ఉన్నాయి. బావి పక్కనే పశువుల శాల. నీళ్ళు పరీక్ష చేయిస్తే క్రిములున్నాయి. మరి ఆడవాళ్ళకే ఎందుకొచ్చింది? నీళ్ళు తోడేదీ, గట్టు మీదే దోసిలి పట్టి తాగేదీ వాళ్ళే కనక. అచ్చియ్యమ్మ ఇంట్లో ఎవరికీ ఎందుకు రాలేదు? వాళ్ళ ఒంటికి ఆ నీళ్ళు అలవాటైపోయేయి కనక. అడిగిన ప్రతిదానికీ జవాబుంది. మంగే అంతా టైపు చేసింది. ఒక్క వాక్యం కూడా కుంటలేదు.

ఆ ఏడాదే అచ్చయింది. ఆయనే పంచాయితీలో దాన్ని తెలుగు చేసి చదివి వినిపించేడు. బావి మీద తాటిదుంగలు పరిచి ముళ్ళకంప కప్పేరు. అక్కడితో అయిపోతే బాగుండును. "బావి గలదానికి రాలేదు, తాగినోల్లకొచ్చింది" అన్న మాట ఒకటి పుట్టింది. వడ్డాది సంతలో అచ్చియ్యమ్మ మజ్జిగ కుండ తన్నేసి, మనిషిని సంపిన నీల్లు అమ్ముతన్నావా అని జుట్టు పట్టుకున్నారు. ఆవిడ మళ్ళీ సంత మొహం చూడలేదు. గేదెల్ని అమ్మేసింది. తాగడానికి కాలవ నించి రెండు బిందెలు మోసుకొచ్చుకుని బతుకుతోంది.

ఇదీ తొమ్మిదో పేపరు. మంగ దాని పేరు, పత్రిక పేరు, ఏడాది, పేజీలు తప్పు లేకుండా కొట్టింది. ఆ పూటే జపాను నించి పార్సెలొచ్చింది.

పార్సెలులో చిన్న చిన్న మందు సీసాలు. ఇదివరకు బొంబాయి పంపితే తప్ప తెలియని పదార్థాన్ని ఇంక ఈ ముందు గదిలోనే పట్టుకోవచ్చు. గాజు పలక మీద చైనాగ్రాస్ ఉడికించి పల్చగా పొయ్యాలి. పిల్లలకి పాలు పోసి బర్ఫీలా చేసి పెడతారే, ఆ చైనాగ్రాసే. పొయ్యడం మంగ పని, దాసు పోస్తే బుడగలొస్తాయి. గడ్డకట్టేక చిన్న గుంటలు పొడిచి, మధ్య గుంటలో జపాను మందూ, చుట్టూ ఉన్న గుంటల్లో నెత్తుటి తేటా వెయ్యాలి. ఆ పదార్థం ఉన్న తేటకీ మందుకీ మధ్య ఒకటి రెండు రోజుల్లో తెల్లటి గీత పడుతుంది. లేకపోతే ఏమీ పడదు.

"ముందు ఏమీ లేదని తెలిసిన నెత్తురు పెట్టి చూడాలి. లేకపోతే మందు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?" అని వేంకటరమణమూర్తి తనదీ, దాసుదీ, మంగదీ, పిల్లదీ తీయించేడు. వేరే వేరే సూదులతో, మరిగించి. ఈ నాలుగేళ్ళలో పద్ధతులు మారేయి.

రెండు రోజుల తరవాత మంగ కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆయన పలకని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. ఒక గుంట దగ్గర తెల్లటి గీత.

"ఎక్కడో కలిసిపోయినట్టుంది దాసూ. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టేరు. మళ్ళీ అదే గుంట దగ్గర గీత. ఈసారి దాసు ఏమీ మాట్లాడకుండా మంగ దగ్గరికొచ్చి, "అమ్మగారూ, చెయ్యిలా ఇవ్వండి," అని కొత్తగా నెత్తురు తీసుకెళ్ళేడు. గోటి కొన అంత తెల్లటి గీత, మూడోసారి కూడా వచ్చింది.

"ఎవరిది?" అంది మంగ.

"నీదే!" అన్నాడు ఆయన. మొహం వెలిగిపోతోంది. "మంగా, నీదే! ఇన్నాళ్ళూ ఊళ్ళన్నీ తిరిగేం. మనింట్లోనే ఉంది!"

"నాకు కామెర్లెప్పుడూ రాలేదే."

"రావు. అదే కదా విశేషం! నీకేం కాదు, భయపడకు. చిన్నప్పుడు చెవులు కుట్టినప్పుడో, ఏ టీకాలప్పుడో ఒంట్లో చేరుంటుంది. చేరి, ఊరికే కాపరం చేస్తోంది. ఇది పదో పేపరు! తయారవుతోందని ఇంటర్వ్యూలో చెప్పొచ్చు."

"ఇంకొకళ్ళకి అంటుతుందా?"

"ముట్టుకుంటే అంటదు. పిల్లకీ నాకూ లేదు, చూసేవుగా. నెత్తురు నెత్తురులో కలవాలి. అంటే బోలెడంత అక్కర్లేదు, సూది మొన మీద కంటికి కనపడనంత ఉన్నా చాలు…"

ఆయన అలా చెప్పుకుపోతూనే ఉన్నాడు. తన నోటంట ఏం వచ్చిందో ఆయనకి వినపడలేదు. మంగకి వినపడింది.

"స్పిరిటుతో తుడిస్తే పోతుందా?"

"స్పిరిటుకేం పోతుంది? మరిగించాలి. ఎందుకూ?"

ఎందుకూ అన్నాక ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. దాసు గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయేడు.

"ముందు నూకరత్నం కూర్చుంది," అంది మంగ. "తరవాత చిన్నమ్మి. తరవాత ముగ్గురు. సూది మొద్దుబారింది. ఆ ఐదుగురికే వచ్చిందండీ."

"ఊరుకో. బావి నీళ్ళలో క్రిములున్నాయి."

"మన బావి నీళ్ళలోనూ ఉన్నాయి. మీరే చెప్పేరు. అచ్చియ్యమ్మ ఆఖర్న వేరే సూదితో కూర్చుంది. అందుకు రాలేదు ఆవిడకి. నీళ్ళు అలవాటై కాదు."

"నీకు గుర్తుండడం సాక్ష్యం కాదు మంగా! నాలుగేళ్ళ నాటి మాట."

"కామెర్లొచ్చినప్పుడు ఆ ఐదుగురి దగ్గరా తీసిన నెత్తురు ఫ్రిజ్‌లో ఉంది. అది సాక్ష్యమే కదా? పెట్టండి."

ఏ పరీక్షకైనా చెయ్యి దురద పెట్టే మనిషి, ఆయన కదల్లేదు. "ఇంటర్వ్యూ అయ్యేక చూద్దాం," అన్నాడు, కిటికీ వైపు తిరిగి.

మంగ జవాబు చెప్పకుండా వంటింట్లోకెళ్ళి చైనాగ్రాస్ పొయ్యి మీద పెట్టింది. కలుపుతుంటే ముద్ద కట్టింది. పారబోసి మళ్ళీ పెట్టింది. దాసుని ఆయన పెట్టమనలేదు, వద్దనలేదు. దాసు సీసాలు తీసి పెట్టేడు. చుట్టూ ఉన్న గుంటల్లో ఐదింట ఆ ఐదుగురిదీ, చిన్నమ్మిదాని పక్కన ఆరోదాంట్లో మంగది.

అలా రెండు రోజులు గడిచేయి. మంగ పిల్లకి జడ వేస్తూ మధ్యలో మర్చిపోయి కూర్చుండిపోయేది. పిల్ల, "అమ్మా, జడ," అనేది.

ఆరు గుంటల దగ్గరా గీతలొచ్చేయి. అది చాలదన్నట్టు, చిన్నమ్మి గుంట దగ్గర గీతా, దాని పక్కనున్న మంగ గుంట దగ్గర గీతా కొసలు కలుపుకుని ఒక్కటే గీతయిపోయేయి. అలా కలిస్తే రెండింట్లోనూ ఉన్నది ఒకటే పదార్థమని అర్థం. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, దాసుకి తెలుసు. మంగకీ తెలుసు, ఐదో పేపర్లో ఆవిడే టైపు చేసింది. చనిపోయి మూడేళ్ళయిన పిల్ల ఆ గాజు పలక మీద తన చెయ్యి పట్టుకున్నట్టనిపించి మంగ చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"నీళ్ళతో వచ్చే కామెర్లలో ఇది కనపడదు," అన్నాడు వేంకటరమణమూర్తి, తనలో తాను అనుకుంటున్నట్టు. "అసలు కనపడదు."

"మరి చెప్పాలి కదా?"

"చెప్దాం. ఇంటర్వ్యూ కానీ."

"అచ్చియ్యమ్మ బావో?"

"మూడేళ్ళు మూసుంది. ఇంకొక నెల మూసుంటే ఏమైంది?"

పలక మీది గీత కన్నా ఈ మాటకి ఎక్కువ బిత్తరపోయింది మంగ. చిన్నమ్మి మంచం పక్కన అన్నం మానేసి కూర్చున్న మనిషే కదా ఈయన అని ఆయన మొహంలోకి చూసింది. ఆ మనిషే. అబద్ధమాడే మనిషి కాదు. నిజాన్ని ఒక నెల పాటు ఫ్రిజ్‌లో పెట్టొచ్చనుకుంటున్నాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే పేటకి వెళ్ళింది. అచ్చియ్యమ్మ కాలవ నించి బిందెలతో వస్తోంది. మంగని చూసి నూకరత్నం, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరేరు. ఎలా మొదలెట్టాలో దారంతా అనుకుని వచ్చింది. తీరా అక్కడ నించునేసరికి అదంతా పోయి ఉన్న మాట ఉన్నట్టు వచ్చేసింది.

"ఆ కామెర్లు బావి వల్ల రాలేదు. నా వల్ల వచ్చేయి. ఆ జబ్బు నా నెత్తుట్లో ఉంది. నాకు గుచ్చిన సూదితోనే మీకు గుచ్చేం. అలా మీకంటుకుంది."

నూకరత్నం పకపకా నవ్వింది.

"నీకు జబ్బేటమ్మా? నిమ్మపండునాగున్నావు!"

"పైకి కనపడదు రత్నం. నాకూ మొన్నే తెలిసింది."

"ఊరుకోండమ్మా. అచ్చియ్యమ్మ మీద జాలేసి సెప్తన్నారు. మేస్టారి కూతురు గదా, ఆయన బుద్దే వచ్చింది."

"జాలి కాదు, నిజం. నువ్వు నెల్లాళ్ళు మంచాన పడింది నా వల్లే."

"బాబుగారు పంచాయితీలో సదివినప్పుడు నానూ ఉన్నాను," అంది నూకరత్నం, ఇంక నవ్వకుండా, చిన్నపిల్లకి నచ్చచెప్పినట్టు. "పుస్తకంలో అచ్చయింది. అచ్చులో అబద్దం పడతాదేటమ్మా? ఎండన పడొచ్చేరు, కూకోండి, మంచి నీల్లు తాగండి."

తిడతారనుకుంది మంగ. శాపనార్థాలు పెడతారనుకుంది. కొట్టినా పడదామనే వచ్చింది. ఇలా నమ్ముతారని మాత్రం అనుకోలేదు. ఆవేళ తనని నమ్మే వేళ్ళిచ్చేరు. ఇవాళా తనని నమ్మే, తను చెప్పిన మాట నమ్మటం లేదు.

అచ్చియ్యమ్మ ఒక్కర్తే నవ్వలేదు. బిందెలు కిందపెట్టి దగ్గరికొచ్చింది.

"ఆ మాట బాబుగారు సెప్తారా?"

మంగ తల వంచుకుంది.

"నువ్వు సెప్తే జాలంటారు. ఆయన సెప్తే నిజవంటారు. సెప్తారా సెప్పరా, అది సెప్పు."

"అడుగుతాను," అంది మంగ.

ఇంటికొచ్చేసరికి వేంకటరమణమూర్తి టైపు చేసిన కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పేటకెళ్ళేను. చెప్పేసేను," అంది మంగ.

ఆయన గబుక్కున లేచేడు. "ఏమన్నారు? ఏమైనా అన్నారా నిన్ను?"

"ఏమీ అనలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేరు. నేను చెప్పింది నమ్మలేదండీ, మీ పేపర్ని నమ్మేరు. అచ్చులో అబద్ధం పడదంది నూకరత్నం."

"నూకరత్నం అందా ఆ మాట?" అన్నాడు.

"ఆవిడే. ఐదుగురిలో ఒకత్తి."

లేచినవాడు లేచినట్టే నిలబడి ఆ కాయితం వైపు చూసేడు. పై నించి కింద దాకా, తొమ్మిది పేర్లూ. ఢిల్లీ వాళ్ళు నమ్మితే పొంగిపోయిన మనిషి. సంతకం పెట్టడం రాని ఆడమనిషి కూడా నమ్ముతుందనీ, ఆ నమ్మకంతోటే పక్కింటావిడని వెలి వేస్తుందనీ ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఆ పూట ఆయన భోజనానికి రాలేదు. మంగ పిలవలేదు.

పొద్దున్నే కాయితం తెచ్చి మిషను పక్కన పెట్టేడు. "ఎనిమిదితో ఆపి మళ్ళీ కొట్టు. ఆ పత్రికకి ఒక ఉత్తరం రాసేను. అదీ కొట్టు," అన్నాడు. "ముందు పేటకెళ్దాం, పద."

ఈసారి ఆయన అరుగెక్కలేదు. కింద, ముళ్ళకంప పక్కన నించుని చెప్పేడు. మంగ చెప్పినట్టే చెప్పేడు. ఎవరూ నవ్వలేదు. ఎప్పుడూ ముందుండే నూకరత్నం తన వేలు చూసుకుని, మంగ మొహం చూసి, మెల్లిగా జనంలోకి వెనక్కి జరిగింది.

చేలోంచి వచ్చిన పరదేశి ఆఖర్న నించుని అంతా విన్నాడు. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చేడు.

"అయితే బాబూ, మా సిన్నమ్మిని సంపింది మీ సూదా?"

డాక్టరు ముళ్ళకంప వైపు చూసేడు.

"అవును," అంది మంగ. "ఆ సూదే. నా నెత్తురు."

పరదేశి ఆవిడ వైపు చూసేడు. ఆ చూపులో కోపం వస్తుందని మంగ ఎదురు చూసింది. రాలేదు. ఏదో లెక్క తప్పినవాడిలా అతను అచ్చియ్యమ్మ వైపు తిరిగేడు.

"మరి నాను... సంతలో నీ జుట్టట్టుకున్నాను గదే అత్తా," అని ఉన్నచోటే నేల మీద కూలబడిపోయేడు.

ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు ముళ్ళకంప లాగబోయేరు.

"ఆగండ్రా. బావెక్కడికీ పోదు," అంది అచ్చియ్యమ్మ. ఆవిడ కళ్ళు డాక్టరు మీదే ఉన్నాయి. "బాబూ, నన్ను తిట్టింది ఈ పేటలోనేటి కాదు. వడ్డాది సంతలో తిట్టేరు. సీడికాడ ఊరోల్లు, మాడుగులోల్లు, అందరూ ఇన్నారు. అక్కడా సెప్పాల."

వేంకటరమణమూర్తి నిర్ఘాంతపోయేడు. కాలేజీ హాల్లో, తెల్ల కోట్ల ముందు మాట్లాడిన మనిషి. సంతలోనా? ఆయన మంగ వైపు చూసేడు.

"చెప్తాను," అన్నాడు.

సంత రోజున ముగ్గురూ వడ్డాది వెళ్ళేరు. మూడేళ్ళ తరవాత అచ్చియ్యమ్మ అక్కడ అడుగు పెట్టడం. బెల్లం దిమ్మలూ, వంకాయల కుప్పలూ, కాళ్ళు కట్టేసిన కోళ్ళూ, బేరాలాడేవాళ్ళ అరుపులూ. మాడుగుల బస్సు హారను కొడుతూ జనంలోంచే దారి చేసుకుంటోంది. చింతపండు అమ్మేవాళ్ళ పక్కన కాస్త ఎత్తుగా ఉన్నచోట డాక్టరు నించున్నాడు. ఇటు భార్య, అటు అచ్చియ్యమ్మ.

"నేను డాక్టరు వేంకటరమణమూర్తిని. చోడవరం నించి…"

"ఏటి, పురుగుల మందా?" అని అడిగేడు ఒకడు, దగ్గరికొచ్చి.

"తలనొప్పికేటైనా ఉందా బాబూ?" అంది ఇంకొకావిడ.

ఆయన మొహం కందగడ్డయింది. మంగ కదల్లేదు. మళ్ళీ మొదలెట్టేడు. అచ్చియ్యమ్మని గుర్తుపట్టినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని ఆగేరు. వాళ్ళని చూసి ఇంకొందరు ఆగేరు.

"కాలవగట్టు పేటలో చిన్నమ్మి అనే అమ్మాయి కామెర్లతో చనిపోయింది. అది ఈవిడ బావి నీళ్ళ వల్ల కాదు. అలా అని నేనే రాసేను, అది తప్పు. అది నా… నేను వాడమన్న సూది…"

ఆఖరి మాటలు నోట్లోనే అన్నాడు. ముందున్న నలుగురు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వెనక కోళ్ళు అరుస్తున్నాయి.

"గట్టిగా సెప్పండి బాబూ," అంది అచ్చియ్యమ్మ. "ఎనకోల్లకి ఇనపడాల."